విడుపు లేని మాత్ర

ఈమధ్య బీపీ మాత్రల కోసం మందుల అంగడికి పోతే, అంగడాయన నా చేతిలో ఒక డబ్బా పెట్టాడు. ఇమ్యూనిటీ పెంచే పొడి అట. పాలలో కలుపుకుని తాగితే ఈ వయసులో ఏ రోగమూ దగ్గరికి రాదట. వద్దన్నాను. మంచిది పెద్దాయనా, అందరూ తీసుకుంటున్నారని మళ్లీ చెప్పాడు. ఈసారి గొంతు పెంచి వద్దన్నాను. పక్కన నిలబడ్డవాళ్లు నా వైపు తిరిగి చూశారు. ఆయన నొచ్చుకున్నాడు. ఆయన తప్పేమీ లేదు. శరీరాన్ని కాపాడే బలగం ఎంత పెరిగితే అంత మేలని లోకమంతా అనుకుంటోంది. ఆ బలగం సొంత మనిషి మీదే తిరగబడితే ఏమవుతుందో నేను ఎమ్మిగనూరులో మా చెల్లెలి కాళ్లలో చూశాను. అందుకే నాకు ఆ డబ్బా చూస్తే ఒళ్లు మండుతుంది.

మాది ఆదోని. మా నాయన మగ్గం వదిలేసి పత్తి మిల్లు పనికి వచ్చినవాడు. నేనూ అయిదో తరగతితో బడి మానేసి అదే మిల్లులో చేరాను. నొక్కి కట్టిన పత్తి బేళ్ల మీద రంగుతో అక్షరాలూ అంకెలూ వేయడం నా పని. ఇంగ్లీషు అక్షరాలు నాకు మొదట పరిచయమైంది ఆ బేళ్ల మీదే. తర్వాత గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని, ఏ పుస్తకం దొరికితే అది, అర్థమైనంత వరకు చదివాను. చెల్లెలిని మాత్రం మగ్గమున్న ఇంటికే ఇచ్చాం. ఎమ్మిగనూరులో ఆమె, ఆమె భర్త, అత్త ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. ఇంటి ముందు గదిలో రెండు గుంట మగ్గాలు. ఒకటి బావది, రెండోది చెల్లెలిది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుని, అడుగున ఉన్న రెండు చెక్క పలకల్ని మార్చి మార్చి తొక్కితే నూలు విచ్చుకుంటుంది, అడ్డపోగు చుట్టిన నాడె అటూ ఇటూ పరుగెడుతుంది. కాళ్లు ఆగితే బట్ట ఆగినట్టే. చెల్లెలు నేసే వేగం ఆ వీధిలో చాలామంది మగవాళ్లకు లేదు. పైకి గొప్పలు చెప్పుకునేది కాదు గానీ, పక్కింటి మగ్గం చప్పుడు తన మగ్గాన్ని దాటిపోతే మాత్రం ఊరుకునేది కాదు.

డెబ్భైల చివర్లో ఆమెకు ఎడమ కంటి చూపు మసకబారింది. ఎర్ర నూలు ఆ కంటికి మట్టి రంగులో కనిపించేది. రోజంతా పోగులకేసి చూస్తే కళ్లు అలసిపోవా అని అందరూ అన్నారు. కొన్ని వారాలకు చూపు దానంతట అదే తిరిగి వచ్చింది. మరుసటి ఏడు కాళ్లకు తిమ్మిరి మొదలైంది. నేను చూడబోతే, మగ్గం మీద కూర్చునే నవ్వుతూ చెప్పింది.

"పాదం కింద పలక ఉందో ల్యాదో తెలీడం ల్యాదన్నా. కాలు ఏం సేస్తాందో నాకు సెప్పకుండానే సేస్తాంది."

గుంటలోని చెమ్మ వల్ల వాతం పట్టిందని అత్త తేల్చింది. ఆమె చెడ్డ మనిషి కాదు, కోడలంటే ప్రాణం. వావిలాకు వేసి సలసలా కాగిన నీళ్లు రోజూ తానే పోసేది. ఆ నీళ్లు పోసుకున్న ప్రతిసారీ చెల్లెలి కాళ్లు మెత్తబడిపోయేవి. కంటికి మళ్లీ మసక కమ్మేది. చాప మీద కాసేపు పడుకుని ఒళ్లు చల్లబడితే తేరుకునేది. లోపలి వాతం కదులుతోంది, అందుకే ఇట్లా అవుతోంది, మందు పనిచేస్తున్నట్టే అని అత్త ఇంకా వేడి నీళ్లు పోసేది. పైపొర దెబ్బతిన్న నరం వేడి తగిలితే మెదడు చెప్పే మాటను అందించలేదనీ, చల్లబడితే మళ్లీ కొంచెం అందిస్తుందనీ నాకు చాలా కాలానికి గాని తెలియలేదు. ఆ ఊరి ఎండల్లో, ఆ నీళ్లు కూడా పోసి, ఆ పిల్లను ఎంత బాధపెట్టామో తలచుకుంటే ఇప్పటికీ మనసు కుదుటపడదు.

మూడోసారి ఆ జబ్బు తిరగబెట్టినప్పుడు ఆమె అసలు లేచి నిలబడలేకపోయింది. బావ ఆమెను ఎత్తుకుని ఆదోని స్టేషనులో రైలెక్కించాడు. నేనూ తోడు పోయాను. బెంగళూరులో ఒక పెద్ద ఆసుపత్రిలో వెన్నులోంచి నీళ్లు తీసి పరీక్ష చేశారు. మల్టిపుల్ స్క్లిరోసిస్ అన్నారు. ఇంజక్షన్లు ఇచ్చారు. కొన్ని వారాలకు గోడ పట్టుకుని లేచింది, తర్వాత గోడ వదిలేసింది. బావ వరండాలో ఒక మూల నిలబడి ఏడ్చాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు రోజూ వేసుకోమని మాత్రలు రాశాడు. ఆపకూడదు, నెలనెలా రక్తంలో తెల్లకణాలు లెక్కపెట్టించాలి, చీటీ మీద రాసిన ఈ అంకెకంటే తగ్గితే వచ్చి కనబడాలి అన్నాడు. అంతే. ఆ మాత్ర దేనికి, లోపలికి పోయి ఏం చేస్తుంది, ఎన్నాళ్లు అన్నది ఒక్క ముక్క చెప్పలేదు. నరాల మందు అనుకుని వచ్చేశాం.

మావైపు ఎవరికి ఏ మందు ఇచ్చినా ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి మాట, పథ్యం ఏమిటి అని. పథ్యం లేని మందు మందే కాదు వాళ్ల లెక్కలో. డాక్టరు పథ్యం చెప్పలేదు గనుక అత్తే పెట్టింది. జొన్న రొట్టె, పెసర కట్టు, బీరకాయ. పులుపు లేదు, వంకాయ లేదు, నువ్వులు లేవు, గోంగూర అసలే లేదు. మందును మండలం లెక్కన వాడతారు. రోగం మొండిదైతే రెండు మండలాలు, మరీ మొండిదైతే మూడు. అది పూర్తయిన రోజు తలకు నూనె పెట్టి స్నానం చేయించి, అన్నాళ్లూ తిననిదంతా వండి పెట్టి, మందు మానిపిస్తారు. దాన్ని విడుపు అంటారు. ఆకుమందులు ఇచ్చేవాళ్ల దగ్గర తరతరాలుగా నడిచిన పద్ధతి అది. అత్త బెంగళూరు మాత్రను కూడా ఆ పద్ధతిలోనే పెట్టుకుంది. మూడు మండలాలు అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని ఆమెకు తోచలేదు.

నెలనెలా రక్త పరీక్షకు చెల్లెలిని బావ ఆదోనికి మా ఇంటికి తీసుకువచ్చేవాడు. ఎండలు ముదిరే కాలంలో ఒకసారి పరీక్ష చేసినాయన మొహం చిట్లించి, తెల్లకణాలు దిగిపోతున్నాయి, ఇవేం మాత్రలు, ఎవరిచ్చారు అని అడిగాడట. డాక్టరు చెప్పిన అంకె ఇంకా దాటలేదు. కానీ ఆ మొహం చిట్లింపు బావకు చాలింది. ఎమ్మిగనూరులో ఒక వైద్యుడి దగ్గరికి పోతే ఆయన, రక్తం పలచబడుతోంది, రోగనిరోధక శక్తి పోతోంది, ముందు ఆ మాత్రలు ఆపండి అని బలానికి ఇంజక్షన్లూ ఒక టానిక్కూ రాశాడు. అప్పటికి మూడో మండలం నిండవచ్చింది. అత్త లెక్కా, వైద్యుడి మాటా సరిగ్గా ఒకచోట కలిశాయి.

విడుపు భోజనానికి నన్ను పిలిచారు. దేనికి పిలిచారో ఎమ్మిగనూరులో బస్సు దిగి ఇంటికి పోయాక గాని నాకు తెలియలేదు. చెల్లెలు తలంటుకుని, జుట్టు ఆరబోసుకుని కూర్చుని ఉంది. వంటింట్లోంచి పుంటికూర వాసన. మావైపు గోంగూరను అట్లాగే అంటారు. మాత్రలు ఎందుకు ఆపుతున్నారని అడిగాను. అత్త వడ్డిస్తూనే జవాబు చెప్పింది.

"ఏ మందుకైనా ఒక విడుపు ఉంటాది నాయనా. పని అయిపోయినాక కూడా కడుపులో పెట్టుకుంటే అది మనిషినే తింటాది. రక్తం సూసినాయప్పే సెప్పినాడు గదా, తింటాందని."

"డాక్టరు ఆపొద్దన్నాడు కదత్తా."

"అన్నాడు. ఎందుకు ఆపొద్దో సెప్పినాడా? నీకన్నా సెప్పినాడా? సదువుకున్నోడివి, నువ్వు సెప్పు."

ఆపకూడదు అన్నారు కాబట్టి ఆపకూడదు అని మాత్రమే అనగలిగాను. అది మాట కాదని నాకే తెలుస్తోంది. చెల్లెలు నా విస్తరిలో పుంటికూర తానే వేసింది.

"అన్నా, నువ్వు ఆదోనిలో దినామూ పుంటికూర తింటావు. నేను మూడు మండలాల నుంచి పెసర కట్టు తాగుతాండా. ఈ పొద్దుకు నీ సదువు మూట విప్పొద్దు."

అందరూ నవ్వారు. ఆమె లేచి, ఎక్కడా చెయ్యి ఆనించకుండా మగ్గం దాకా నడిచి, గుంటలోకి దిగి, నాలుగు పోగులు నేసి చూపించింది. ఆ కాళ్లు చూశాక ఎవరు నా మాట వింటారు?

ఎండాకాలం గడిచింది. వానలూ బాగానే గడిచాయి. మాత్ర ఆపాక ఇంకా బాగుందని అత్త ఆస్పరి చుట్టాలకు కూడా చెప్పుకుంది. చెల్లెలు బలానికి ఇంజక్షన్లు వేయించుకుంటూ పక్కింటి మగ్గంతో పందెం కట్టినట్టు నేసింది. దీపావళి అయిన తర్వాత ఒక ఉదయం కుడికాలు లేవలేదు. రెండు రోజులకు ఎడమకాలు, నడుము కూడా. మళ్లీ రైలు, మళ్లీ అదే ఆసుపత్రి, అవే ఇంజక్షన్లు. ఎడమకాలు తిరిగి వచ్చింది. కుడికాలు రాలేదు. ఇంకో వారం చూద్దాం, ఇంకో నెల చూద్దాం అన్నారు. రాలేదు.

మాత్రలు ఎవరు ఆపమన్నారని డాక్టరు మా మీద కేకలు వేశాడు. చదువు లేని మూఢులని కన్నడంలో పక్కనున్న నర్సుతో అన్నాడు. సరిహద్దు మనుషులం, నాకు కన్నడం వస్తుందని ఆయనకు తెలియదు. నేను కన్నడంలోనే అడిగాను. మా ఇంటి ముసలామె ఎందుకు ఆపకూడదు అని అడిగింది సార్, నేను జవాబు చెప్పలేకపోయాను, ఆ మాత్ర లోపలికి పోయి ఏం చేస్తుందో ఈ పొద్దు మీరు చెబితే గాని ఇక్కడి నుంచి కదలను అన్నాను. ఇంతవరకు ఎవరూ అడగలేదయ్యా అన్నాడు. అడగకపోతే చెప్పకూడదా? పశువుల డాక్టరు కూడా ఎద్దు యజమానికి నాలుగు మాటలు చెప్పి సూది వేస్తాడు. ఈ మాట నోటి దాకా వచ్చింది గాని మింగేశాను. ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆ పొద్దు చెప్పాడు, బాగా చెప్పాడు. అదే మొదటిరోజు చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

ఇంటికి వచ్చాక నేను అత్తకూ బావకూ మా భాషలో చెప్పాను. ఒంట్లో తెల్లకణాలు కాపలావాళ్లు. బయటి నుంచి రోగం పురుగు వస్తే పట్టి చంపడం వాళ్ల పని. మెదడులో, వెన్నులో నరాల చుట్టూ ఒక పొర ఉంటుంది. ఆ పొర ఉంటేనే మెదడు చెప్పిన మాట కాలికి చక్కగా చేరుతుంది. ఈ రోగంలో కాపలావాళ్లలో కొందరు ఆ పొరను చూసి పరాయిది అనుకుంటారు. రక్తనాళం గోడ దాటి లోపలికి పోయి దాన్ని చీలుస్తారు. ఒకరు దారి చూపిస్తే ఇంకొందరు పోగవుతారు. కొట్లాట సద్దుమణిగాక పొర కొంత అతుక్కుంటుంది, అందుకే కాలు తిరిగి వస్తుంది. మళ్లీ మళ్లీ కొడితే లోపలి నరమే తెగుతుంది. తెగినది రాదు.

బావ దసరాకు దేవరగట్టు కొండకు పోయేవాడు. దేవుణ్ని కాపాడుకునే ఊళ్లవాళ్లు అక్కడ కట్టెలు తిప్పుతారు. దివిటీల పొగలో, ఆ తోపులాటలో ఎవరి కట్టె ఎవరికి తగులుతుందో తెలియదు. ఆయన చిన్నాయన నెత్తి మీద మచ్చ సొంత ఊరివాడి కట్టె తగిలి పడిందే. అందుకే నా మాట ఆయనకు వెంటనే పట్టింది. నన్ను అడిగాడు.

"అయితే బావా, ఈ మాత్ర ఆ కట్టెలు గుంజుకుంటాదా?"

"ల్యాదు. కట్టె పట్టుకునేవాళ్లు కొత్తగా పుట్టకుండా సేస్తాది. మంది తక్కువైతే దెబ్బలూ తక్కువైతాయి. అందుకే తెల్లకణాలు దిగేది. మరీ దిగిపోతే కష్టం, అది సూసుకోడానికే నెలనెలా లెక్క."

"అందరినీ తగ్గిస్తాదా? మనోళ్లను కొట్టేటోళ్లను మాత్రమే ఏరుకోదా?"

"ఏరుకోల్యాదు. దానికి అంత కన్ను ల్యాదు."

"మరి దొంగలు నిజంగా వస్తే?"

అత్త అంతసేపూ గడప దగ్గర కూర్చుని వింటోంది. నన్ను కాకుండా నేలను చూస్తూ అంది.

"ఇది నాకు ముందే సెప్పింటే నేను విడుపు సేయిస్తుంటినా నాయనా?"

ఆమె ఆ మాట ఇంకెప్పుడూ అనలేదు. నాకు మాత్రం ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆమెను మూఢురాలన్న డాక్టరుకు ఆ మాట వినిపించాలని ఎన్నోసార్లు అనిపించింది. తన దగ్గరున్న తెలివితో ఆమె పద్ధతి తప్పకుండా చేసింది. మాత్రలు ఇచ్చినవాళ్లు తమ తెలివిని చీటీ మీద రాసి ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ఆ రెండింటి మధ్య మా చెల్లెలి కుడికాలు పోయింది. ఎవరి పాలు ఎంత అంటే నేను చెప్పలేను గాని, ముసలామె ఒక్కదాని మీద వేయడానికి మాత్రం ఒప్పుకోను.

కొట్టేవాళ్లను మాత్రమే ఏరుకోదా అని బావ ఆ పొద్దు అడిగిన ప్రశ్నకు సరైన జవాబు ఆయన బతికుండగా నాకు దొరకలేదు. ఇప్పుడు ఆ కన్నున్న మందులు వచ్చాయి. వాటి గురించి దొరికినదల్లా చదువుతాను, అర్థం కాని మాటకు మళ్లీ నిఘంటువే. తెల్లకణాల్లో ఒక జాతి మీద ఒక గుర్తు ఉంటుందట. కొన్ని మందులు ఆ గుర్తును పట్టుకుని ఆ జాతిని మాత్రమే తీసేస్తాయి, మిగతావాటిని ముట్టుకోవు. ఇంకో మందు ఎవరినీ చంపదు. మెదడు రక్తనాళం గోడకు కణాలు అంటుకుని లోపలికి దూరే పట్టు ఒకటి ఉంది, దాన్ని మూసేస్తుంది. వేరొక రకం మాత్ర ఈ కణాలను మెడలో, చంకల్లో, గజ్జల్లో ఉండే బిళ్లల్లోనే ఆపేస్తుంది, రక్తంలోకి బయలుదేరనివ్వదు. ఇవన్నీ కొత్త దెబ్బను ఆపడానికే. పోయిన కాలును ఏ మందూ తెచ్చివ్వదు. వీటిలోనూ కాపలా తగ్గుతుంది, వేరే రోగం దూరే భయం ఉంటుంది, వీటికీ పరీక్షలు ఉన్నాయి. అయినా గుడ్డిగా అందరినీ తగ్గించడానికీ, చూసి కొందరిని ఆపడానికీ ఎంత తేడా. మా చెల్లెలి కాలంలో ఆ గుడ్డి మాత్రే దిక్కు. దానినే సరిగ్గా వాడనివ్వలేదు మనుషులు.

మాత్రలు మళ్లీ మొదలుపెట్టాం. అత్తే రోజూ పొద్దున నీళ్లచెంబుతో సహా తెచ్చి ఇచ్చేది. పథ్యం లేదు, విడుపు లేదు. బావ చెల్లెలి మగ్గం కింద రెండు పలకల్నీ ఎడమవైపుకు దగ్గరగా జరిపి కట్టాడు, ఒక్క కాలితోనే అటొకటి ఇటొకటి తొక్కేటట్టు. మునుపటి వేగంలో సగం కూడా రాలేదు. పక్కింటి మగ్గం చప్పుడు వినిపిస్తే ఆమె పళ్లు బిగించేది. ఏళ్లు గడిచినా కొత్త దెబ్బ మాత్రం రాలేదు.

అప్పుడు బావ అడిగిన దొంగలు వచ్చారు. ఎనభైల నడుమ ఒక వేసవిలో ఆమె పక్కటెముకల మీద సర్పి లేచింది. నిప్పులు పోసినట్టు ఒకవైపంతా నీటి పొక్కులు. జాజు ఎర్రమట్టి పూసినా తగ్గలేదు. జ్వరంతో ఆమె పక్క మీద దొర్లుతుంటే బావ నా చెయ్యి పట్టుకుని, ఈ మాత్ర ఇక వద్దు బావా అన్నాడు. కాలును కాపాడుతున్న మాత్రే ఈ మంటకు వాకిలి తీసిందని ఇద్దరికీ తెలుసు. బెంగళూరుకు పోతే డాక్టరు, అదే డాక్టరు, కొంతకాలం ఆపి, పొక్కులు మానాక తక్కువగా మొదలుపెడదామన్నాడు. ఈసారి మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. మొదలుపెట్టకపోతే ఎడమకాలికి భరోసా లేదు, మొదలుపెడితే ఇలాంటివి మళ్లీ రావని చెప్పలేను, మీరే ఆలోచించుకోండి అన్నాడు. ఆలోచించుకోండి అన్న మాట మా ఇంట్లో ఎవరి చెవినైనా పడడం అదే మొదటిసారి.

బావ నా వైపు చూశాడు. నేను చెల్లెలి వైపు చూశాను. ఆమె డాక్టరును తన ఎడమకాలు పట్టుకోమంది. ఆయన మడమ కింద అరచెయ్యి పెట్టాడు. ఆమె ఒక్క తోపు తోసింది. ఆయన కూర్చున్న చక్రాల స్టూలు వెనక్కి జరిగింది. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ఇది ఉండాల సార్. మాత్ర ఇయ్యండి."

తిరిగి వచ్చేటప్పుడు రైలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుని పక్కటెముకల మీద చెయ్యి ఆనించుకుంది. మంట ఇంకా పోలేదు, ఆ మంట ఆమెకు చాలా ఏళ్లు ఉండిపోయింది. నేను ఆ డాక్టరునూ, ఆదోనిలో మొహం చిట్లించినాయననూ, బలానికి ఇంజక్షన్లు వేసినాయననూ వరసగా తిడుతూ కూర్చున్నాను. గుంతకల్లు దాకా విని, తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వు తిడితే ఆ కాలు వస్తాదా అన్నా? ఊరికే ఉండు, నాకు నిద్రొస్తాంది."

ఊరుకున్నాను. ఆమె నిద్రపోయింది. ఆదోని వచ్చేదాకా నాకు కోపం తగ్గలేదు. ఆమె మాత్రం లేచి, బావ భుజం ఒకవైపు, పెట్టె కమ్మీ ఇంకోవైపు పట్టుకుని, ముందు ఎడమకాలు ప్లాట్‌ఫారం మీద పెట్టి దిగింది.